రెండడిగితే నలభై మూడు

మా అత్త పేరు నీలి. దంతాలపల్లి దాటినంక ఖమ్మం పోయే రోడ్డుకు కుడిపక్కన, గుట్ట కింద మా తండా. నేను రేగొండ దిక్కు నుంచి ఈ తండాకు కోడలిగ వచ్చేనాటికి అత్తకు నలభై దాటినయి. సన్నటి మనిషి, గట్టి గొంతు. మోచేతుల మీది దాక గాజులు, చేతుల కొమ్మలు కోసే దోటి, ఎనుక మేకల మంద. లంబాడోళ్ల ఇంట్ల పుట్టి, మేకలను సాదుకుంట బతికి, నీసు ముట్టని మనిషి మా చుట్టుపక్కల తండాలల్ల ఆమె ఒక్కతే.

నేను అంగన్‌వాడీ టీచర్ని. ఇంట్ల మేము మాట్లాడుకునేది మా గోర్‌బోలి. అత్త మాటలను నాకొచ్చిన తెలుగుల రాస్తున్న. ఆమె తిట్లు మాత్రం తెలుగులకు రాలేదు, ఇడిచిపెట్టిన.

పెండ్లయిన కొత్తల మా నాయిన తావుర్యా నన్ను చూడొచ్చిండు. వియ్యంకుడు వచ్చిండని మా మామ హీర్యా దంతాలపల్లి పోయి మటన్ తెచ్చిండు. అత్త వండలేదు గని అందరికీ వడ్డించింది. తను రొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు పెట్టుకొని తిన్నది. నాయిన పోయేటప్పుడు నన్ను పక్కకు పిలిచి అడిగిండు: "మీ అత్త మాల ఏసుకున్నదా బిడ్డా? ఏ గురువుకన్న మాటిచ్చిందా?"

నేను పోయి అత్తనే అడిగిన.

"మాలెందుకే?" అన్నది. "తినబుద్ధి గాలె, తింటలేను. నడుమ దేవుడెందుకు?"

అసలు సంగతి నాకు ఆర్నెల్లకు చెప్పింది. గుట్ట కింద మేకలు మేస్తుంటె ఇద్దరం మోదుగు నీడకు కూసున్నం. నేను ఏం అడగలే. ఆమెనే మొదలువెట్టింది.

"ఒక మేక ఈనుకుంటనే సచ్చింది. పిల్ల బతికింది. సీసాల బర్రెపాలు పోసి పెంచిన. బుడ్డోడు అని పేరు వెట్టిన. ఎటు పోతె అటు నా కొంగు వట్టుకొని వచ్చేది. పెద్దగయి పోతు అయింది. ఘన్‌పూర్ టేషన్ నుంచి బేరగాడు వచ్చి నాలుగు పోతులను ఏరుకున్నడు. అండ్ల అదొకటి. ఇచ్చేసిన. ఏడ్వను కూడ లేదు. మేకలను సాదేదే గందుకు గదా అనుకున్న.

నాలుగొద్దులకు మా అన్నలు వచ్చిండ్రు. మటన్ తెస్తనని గిన్నె వట్టుకొని అంగట్ల కటికె పోశయ్య దగ్గరికి పోయిన. 'పోశయ్యా, మంచి కూర ఇయ్యి, సుట్టాలు వచ్చిండ్రు' అంటున్న. నా గొంతు ఇనవడ్డదో లేదో, దుకాణం ఎనుక నుంచి ఒకటే అరుపు. తొంగి చూసిన. మా బుడ్డోడు. బేరగాడు అదే అంగట్ల పోశయ్యకు అమ్మిండట. గుంజకు కట్టేసి ఉన్నది. తాడు తెంపుకునేటట్టు నా దిక్కు గుంజుతున్నది."

"ఇడిపించుకొని వచ్చినవా అత్తా?"

"లేదు. అడిగిన. పోశయ్య మంచోడే, గని రేపటి పెండ్లికి బయానా తీసుకున్న అన్నడు. నేను మల్లా అడగలే. గిన్నె వట్టుకొని ఇంటికొచ్చిన. నేను ఎల్లిపోతుంటె కూడ అది అరుస్తనే ఉన్నది." అత్త నా దిక్కు చూడకుంట చెప్పింది. "అన్నలకు ఆ పొద్దు పప్పు పోసిన. కోపానికొచ్చి పోయిండ్రు. రెండేండ్లు మా గడప తొక్కలే. ఆ పొద్దు నుంచి తింటలేను."

నాకప్పుడు పంతొమ్మిదేండ్లు. నోరు ఆగేది కాదు. జాలి వడాల్సిన కాడ లెక్క అడిగిన.

"గట్లయితె అత్తా, తినుడు బంద్ వెట్టినవు గని అమ్ముడు బంద్ వెట్టలేదు గదా? మొన్న గూడ బేరగానికి మూడు ఇస్తివి. కోసేటోనికి అమ్ముకుంట, నేను తినను అంటె ఆ మేకకు ఏం ఫరక్ పడ్డది?"

అత్త లేచింది. మేకలను అదిలించి తోలుకపోయింది. రెండు రోజులు నాతోని మాట్లాడలే. నేను పొయ్యి కాడ ఉంటె ఆమె బయటికి పోయేది, నేను బయటికొస్తె లోపలికి పోయేది. అయిపోయింది, ఈ ఇంట్ల నాకు బతుకు లేదు అనుకున్న.

మూడో దినం పొద్దుగాల బేరగాడు మోటార్‌సైకిల్ మీద వచ్చిండు. అత్త దొడ్డి ముంగట కంప జరుపుతదనుకుంటె, ఆ కంపకు అడ్డంగ నిలవడ్డది.

"నేను అమ్మను. ఇగ ఎప్పుడు రాకు."

మామ ఉరికొచ్చిండు. "పిచ్చి లేసిందా? అమ్మకపోతె మేకలెందుకు? ఆరతివడ్తవా? ఇల్లెట్ల నడుస్తది?"

"నడిపిస్త."

"ఎట్ల?"

"ఎట్లనో ఒకట్ల నడిపిస్త. ఐదేండ్ల సంది నేను దొంగ బతుకు బతుకుతున్న. గీ పోరి మొఖం మీద అన్నది. మీరందరు ఎనుక అనుకుంటున్నరు. ఇగ చాలు."

ఇల్లు నడిపిచ్చుడు మాటలు చెప్పినంత అల్కగ కాలేదు. నేను చూసిన. మేకలను అమ్ముకుంటెనే గదా ఇంట్లకు ఉప్పూ పప్పూ. అత్త ఊరూరు తిరిగింది. దుక్కి దున్నక ముందు రైతుల చెల్కలల్ల మంద పెట్టుడు మొదలువెట్టింది. మేకలను కొన్ని రోజులు ఒక చెల్కల ఉంచితే ఆ పెంట, ఆ మూత్రంతోని భూమికి బలమొస్తది. దానికి రైతులు వడ్లో మక్కలో కొలిచి ఇస్తరు. అంతకుముందు కురుమోళ్లు గొర్రెలతోని చేసేటోళ్లు. లంబాడ ఆడమనిషి మేకలు తోలుకొని వస్తే మొదట నవ్విండ్రు. పంట చూసినంక వాళ్లే కబురు వెట్టిండ్రు.

మంద పెరగకుండ చూసుకోవాలె. అమ్మకుండ పెరుగుకుంట పోతే మేపేదెక్కడ? పశువుల డాక్టర్‌ను పిలిచి పోతులకు విత్తులు కొట్టిచ్చింది. అవి అరిచే అరుపుకు నేను చెవులు మూసుకున్న.

"గిది గూడ నొప్పే గదా అత్తా?"

"నొప్పే," అన్నది. పోతు తలకాయను ఒళ్లె పెట్టుకొని కూసున్నది. "నొప్పి లేకుంట ఏ దారి ఉన్నదో నువ్వు చూపెట్టు, గట్లనే చేస్త."

మూడేండ్లు కష్టమైంది. అత్త మెడలున్న ఎండి సొమ్ములు అమ్ముకున్నది. ఆడిబిడ్డ కవిత మానుకోటల డిగ్రీ చదువుతుండె, ఆ చదువు ఆగుతదేమోనని అందరం భయపడ్డం. ఆగలే. మామ తాగొచ్చిన దినాలల్ల మాత్రం తండా మొత్తం ఇనేటట్టు అరిచేటోడు: "నా పెండ్లాం మేకలను సాదుతున్నది, నన్ను సాదుతలేదు!" అత్త లోపలి నుంచే జవాబిచ్చేది: "మేకలు తాగి రావు!"

ఇంకొక ముచ్చట చెప్పాలె. నాకు బిడ్డ పుట్టినప్పుడు రక్తం తక్కువున్నదని దవాఖానల చెప్పిండ్రు. గుడ్లు, బొక్కల సూప్ పెట్టుమన్నరు. అత్త ఏమంటదోనని నేను నోరు తెరువలే. ఆమెనే నా మొగడు గోపాల్‌ను అంగడికి తోలింది. గోపాల్ తెచ్చిండు, పక్కింటి మంగ్లీ వండింది, అత్త నా ముంగట పెట్టింది.

"నీకు కోపం రాదా?" అని అడిగిన.

"నీ కడుపు, నీ పాణం. నీ నోటికి తాళం నేనెందుకు ఏస్త?"

"ఇంకొకల మేకనైతె కోసినా పర్వలేదా మరి?"

"పర్వ లేకేం. ఉన్నది." అత్త పొత్తిళ్లల్ల పిల్లకు బట్ట సరిగ కప్పింది. "గని నా చెయ్యి అందేది నా దొడ్డి దాకనే. దాన్ని దాటి నేను పోలేను. చల్లారుతది, తాగు."

తాగిన. ఇప్పటికీ తింట. ఆ మాట ఎందుకు చెప్తున్ననంటె, ఇది రాసేది ఆమె శిష్యురాలనుకునేరు.

గోపాల్ భూపాలపల్లి బొగ్గుబాయిల కాంట్రాక్టు పని చేసేటోడు. పదిహేను రోజులకొకసారి వచ్చేటోడు. తెలంగాణ కోసం మానుకోట టేషన్ల రాళ్లు లేచిన మర్సటేడు, రెండువేల పదకొండు సెప్టెంబర్ల సకల జనుల సమ్మె మొదలైంది. బొగ్గుబాయిలు బంద్. బస్సులు బంద్. బడులు బంద్. గోపాల్ ఇంటికొచ్చిండు. వచ్చినోడు ఇంట్ల ఉన్నడా? లేదు. మా తండా నాయక్ పూల్‌సింగ్‌తోని కలిసి రోజూ దంతాలపల్లిల జేఏసీ టెంట్ కింద కూసునేటోడు.

ఆ నెలాఖరుకు ఖమ్మం రోడ్డు మీద వంటా వార్పు పెట్టిండ్రు. చుట్టూ ఊర్లు, తండాలు రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వండుకోవాలె, రోడ్డు మీదనే తినాలె, ఒక్క బండి పోవద్దు. ఏ తండా ఏం తేవాలెనో మీటింగుల రాసుకున్నరు. మా తండా వంతు రెండు మేకపోతులు. మాటిచ్చింది ఎవలో కాదు, నా మొగడే.

ఇంటికొచ్చి, అన్నం తినుకుంట, ఏదో చిన్న ముచ్చట లెక్క తల్లికి చెప్పిండు. "యాడీ, రేపు రెండు పోతులను తోలుకపోతం. తండా పేరు నిలవడ్తది."

అత్త నీళ్ల చెంబు కింద పెట్టింది. "ఎవల పోతులను?"

"మనయే."

"మనయి కావు. నాయి. ఇయ్యను."

"గిది నీకోసమో నాకోసమో కాదు యాడీ. రాష్ట్రం కోసం. పోరగాండ్లు పాణాలే ఇచ్చిండ్రు. నువ్వు రెండు మేకలియ్యలేవా?"

"ఆ పోరగాండ్ల తల్లులు ఇప్పటికీ ఏడుస్తున్నరు, వాళ్ల పేరు తీయకు," అన్నది అత్త. "ఇచ్చినా ఎవలి పాణం వాళ్లే ఇచ్చుకున్నరు. ఇంకొకల పాణం తీసి ఇస్త అనుకుంట నువ్వెట్ల పేరు రాపిచ్చినవు? నా పోతు ఏమన్న సంతకం పెట్టిందా?"

గోపాల్ పళ్లెం దొబ్బేసి లేచిండు. జర సేపటికి పూల్‌సింగ్ వచ్చిండు, ఎనుక పది మంది. మామకు తమ్ముడి వరుస, అత్తను వదినె అని పిలుస్తడు. ఆ పొద్దు వరుస మరిచిపోయిండు.

"ఊరూరూ ఇస్తుంటె, మన తండా ఒక్కటే ముడుచుకుంటదా? మేకలియ్యనోళ్లు ఆంధ్రోళ్ల మనుషులు అని రేపు అంటరు. అప్పుడు నేనేం జవాబు చెప్పాలె?"

"నా పేరు చెప్పు," అన్నది అత్త. "నీలి ఇయ్యలే అని చెప్పు. నేను తెలంగాణ మనిషిని కానని ఎవడన్న అంటె నా ముంగటికొచ్చి అనుమను. ఘన్‌పూర్‌ల రైలు ఆపాలెనని పట్టాల మీద కూసున్నప్పుడు నేను లేనా? నువ్వు ఎండ కొడుతున్నదని నీడకు పోయినవు, నేను పోయిన్నా?"

ఎనుకున్నోళ్లల్ల ఎవలో కిసుక్కున నవ్విండ్రు. పూల్‌సింగ్ మొఖం నల్లగయింది. "పొద్దున వచ్చి తోలుకపోత. చూస్త, ఎవలు ఆపుతరో," అని పోయిండు. ఆ సాయంత్రం బోరింగ్ కాడ నాకు, అత్తకు ఎవలూ జాగ ఇయ్యలే. మంగ్లీ కూడ మొఖం తిప్పుకున్నది.

తెల్లారి పూల్‌సింగ్ తాడు వట్టుకొని వచ్చేసరికి దొడ్డి కంప తీసి ఉన్నది. అత్త మందను బయటికి తోలుతున్నది. గజ్జెలు కట్టిన ముసలి మేక ముంగట, దాని ఎనుక మొత్తం మంద.

పూల్‌సింగ్‌కు సంబురమైంది. "మనసు మార్చుకున్నవా వదినె? ఏ రెండు?"

"రెండు కాదు. నలభై మూడు."

"అన్నెందుకు?"

"రోడ్డు ఆపాలె అన్నరు గదా. ఆపుతయి. కాళ్ల మీద నిలవడి ఆపుతయి. నడువు, జర దారి ఇయ్యి."

నేను బిడ్డను సంకల వేసుకొని ఎనుక నడిచిన. ఒక సంచిల జొన్నపిండి, ఒక సంచిల పప్పు. తండా నుంచి రోడ్డుకు కిలోమీటర్. పోయేసరికి టెంటు కింద మైకు మోగుతున్నది, వరుసగ పొయ్యిలు పెడ్తున్నరు. అత్త అటు చూడనే లేదు. కోసుకొచ్చిన తుమ్మ కొమ్మలు, మక్కచొప్ప రోడ్డుకు ఈ అంచు నుంచి ఆ అంచు దాక పరిచింది. మేకలు దాని మీద పడ్డయి. తిన్నంత తిని, అక్కడనే పండి నెమరేసుడు మొదలువెట్టినయి.

ఖమ్మం దిక్కు నుంచి లారీలు వచ్చి ఆగినయి. హారన్ కొడుతనే ఉన్నరు. మనుషులైతె హారన్‌కు ఉలిక్కిపడ్తరు, మేకలకేంది? మైకుల పిల్లగాడు "జై తెలంగాణ" అన్నడు. జనం "జై" అనంగనే నడుమల నుంచి ఒక మేక "మ్యా" అన్నది. ఇగ చూడు నవ్వులు. ఆ తర్వాత ప్రతి నినాదానికీ జనం మేక కోసం ఆగుడు మొదలైంది.

పోలీసోళ్లు వచ్చిండ్రు. మనుషులను లాగేసిండ్రు, టెంట్ తాళ్లు కోసిండ్రు. మేకలతోని ఏం చేయాలెనో వాళ్లకు తెలువలే. ఒక కానిస్టేబుల్ లాఠీ ఊపితే మంద రెండుగ చీలి, అతని ఎనుక మల్ల కలిసింది. రెండు గంటలు ఇదే. లారీలు కనుచూపు మేర నిలవడ్డయి. మా పొయ్యి కాడ నేను రొట్టెలు చేసుకుంటనే ఉన్న. అత్త రోడ్డు నడుమ దోటి నిలవెట్టి, దాన్ని ఆనుకొని నిలవడ్డది.

ఎస్సై దగ్గరికొచ్చిండు. "మేకలను తీయమ్మా."

"మనుషులకు చెప్పినవు, వాళ్లు ఇన్నరు. మేకలకు కూడ నువ్వే చెప్పు సారూ."

ఏడుగురిని వ్యాన్ల ఎక్కిచ్చిండ్రు. అత్త, పూల్‌సింగ్, గోపాల్, ఇంక నలుగురు. వ్యాన్ కదిలింది. అత్త కిటికీల నుంచి "ఓ, రా రా రా" అని ఒక కేక వేసింది, రోజూ మేపుకు తోలేటప్పుడు వేసే కేకనే. గజ్జెల మేక లేచింది. ఎనుక నలభై రెండు లేచినయి. వ్యాన్ ఎనుక రోడ్డు నిండ మేకలు, మేకల ఎనుక ఊరు ఊరంత.

పోలీస్ టేషన్ ఆవరణల బంతిచెట్లు పెట్టి ఉన్నయి. మేం పోయేసరికి చెట్లు లేవు, కాడలున్నయి. గోడకంటించిన నోటీసు కాయితాలను రెండు మేకలు కాళ్లెత్తి పీకుతున్నయి. ఒకటి లోపలికి పోయి బల్ల మీదికెక్కిందట. నేను చూడలే, గోపాల్ చెప్పిండు.

ఎస్సై తలకాయ పట్టుకొని బయటికొచ్చిండు. "అమ్మా, నీకు దండం. తోలుకపో."

"నన్నొక్కదాన్నేనా?"

"నిన్నే, నీ మేకలనే."

"ఏడుగురం వచ్చినం. ఏడుగురం పోతం. లేకుంటె ఉంటం. మేకలకు నీళ్లు పెట్టిపిచ్చుండ్రి మరి, పొద్దటి సంది తాగలే."

జర సేపటికి అందరినీ ఇడిచిపెట్టిండ్రు. పూల్‌సింగ్ గేటు కాడ తాడు చుట్ట చేతుల వట్టుకొని నిలవడ్డడు. గోపాల్ ఎనుకవడ్డ ఒక కుంటి మేకను భుజానికెత్తుకొని ఇంటి దాక మోసిండు.

మర్సటి దినం పేపర్ల ఫోటో వచ్చింది, రోడ్డు నిండ మేకలు, నడుమ అత్త. కింద నాలుగు వరుసలు: ఈమె మాంసం ముట్టదు, మేకలను కోతకు అమ్మదు. గవ్వి నాలుగు వరుసలే కొత్త తంట తెచ్చినయి.

సమ్మె ముగిసినంక, చలికాలంల, తండాకు కారొకటి వచ్చింది. మానుకోటల కిరాణా హోల్‌సేల్ వ్యాపారం చేసే రమాకాంత్ సేటు దిగిండు. జీవహింస వద్దని చెప్పే సంఘం ఒకటి వాళ్లు నడిపిస్తరట. అత్తకు రెండు చేతులూ జోడించిండు.

"అమ్మా, మీ కులంల పుట్టి కూడ మీరు ఇంత నిష్ఠగా ఉన్నరంటె పూర్వజన్మ పుణ్యం. మా సభకు రావాలె. మీకు సన్మానం చేస్తం. మీ తండాలోళ్లకు మీరే చెప్పాలె, బలులు మానుమని. మేం చెప్తె ఇంటరా?"

అత్త అడిగింది ఒక్కటే. "మైకుల మాట్లాడనిస్తరా?"

"మాట్లాడాలనే గదమ్మా పిలిచేది!"

అత్త, కవిత, నేను ఆ కార్లనే పోయినం. సభకు ముందు చాయ తాగి పోదమని సేటు ఇంటికి తీసుకపోయిండు. మూడంతస్తుల ఇల్లు, బయటి నుంచి మెట్లు. కారు దిగంగనే కవిత నా చెయ్యి గట్టిగ వట్టుకున్నది. "వదినా, గిదే ఇల్లు," అన్నది మెల్లగ.

రెండేండ్ల కింద కవిత రూము కోసం తిరిగినప్పుడు అత్త కూడ ఎంట పోయింది. ఇదే ఇంట్ల మీది రూముకు 'కిరాయికి ఇవ్వబడును' అని బోర్డు ఉన్నదట. సేటు భార్య సుగుణమ్మ తలుపు కాడనే నిలవడి "మీరేమిట్లు?" అని కులం అడిగి, లంబాడోళ్లమనంగనే "నీసు తినేటోళ్లకు ఇయ్యం" అన్నదట. నేను తిననమ్మా అని అత్త అంటే, "నువ్వు తినకపోతె ఏమాయె, మీవోళ్లు తింటరు గదా, మెట్లు ముట్టకుండ్రి, ఇప్పుడే కడిగిన" అన్నదట. ఈ ముచ్చట అత్త గని కవిత గని ఆ దాక ఇంట్ల ఎవలికీ చెప్పలేదు.

సుగుణమ్మ ఆ పొద్దు నవ్వుకుంట ఎదురొచ్చింది. మమ్ముల గుర్తువట్టలే. కుర్చీలేసింది, చాయ ఇచ్చింది. అత్త కప్పు తీసుకొని పక్కన పెట్టింది, తాగలే.

సభ కళ్యాణమండపంల. వేదిక మీద శాలువ, పూలదండ, ఫోటోగ్రాఫర్. రమాకాంత్ సేటు అత్త గురించి బాగనే చెప్పిండు. శాలువ కప్పడానికి వస్తే అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "ముందుగాల మాట్లాడుత."

ఆమె తెలుగు అంతంతనే. ఇట్ల మాట్లాడింది:

"నేను నీసు తినను. అది నా నోటి సంగతి. మావోళ్లు తింటరు. నేను వాళ్ల మీద కోపం చేస్త, కొట్లాడుత, అది మా ఇంటి సంగతి. మీరు నన్ను ఎందుకు పిలిచిండ్రో నాకు ఎర్కైంది. రెండేండ్ల కింద నా బిడ్డ రూము కోసం మీ ఇండ్లల్లనే ఒక ఇంటికి వచ్చింది. మెట్లు ముట్టనియ్యలే. అప్పుడు కూడ నేను తింటలేను. చెప్పిన కూడ. అప్పుడు నేను లంబాడిదాన్నే. ఇయ్యాల పేపర్ల ఫోటో వచ్చినంక అమ్మనైన. చీమకు చక్కెర పోసే మీ చెయ్యి నా బిడ్డకు మంచినీళ్లియ్యలే. ఆమెది పాణం కాదా?"

సేటు మొఖం దించుకున్నడు. ముంగట వరుసల సుగుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. అప్పుడు గుర్తువట్టింది కావచ్చు.

"గీ శాలువ కప్పుకుంటె నన్ను కట్టె జేసి మావోళ్లను కొడ్తరు. నేను మీ కట్టెను కాను. పోతున్న."

దిగి వచ్చేసింది. కారు ఎక్కలే. ముగ్గురం ఆటో మాట్లాడుకొని వచ్చినం. దారి పొడుగూత కవిత ఏడ్సుకుంట నవ్వింది, నవ్వుకుంట ఏడ్సింది. అత్త మాత్రం ఆకలైతున్నదని మరిపెడ బంగ్ల కాడ ఆపిచ్చి మిరపకాయ బజ్జీలు తిన్నది.

నెలకు సుగుణమ్మ కబురు పంపింది, రూము ఖాళీగున్నది, కవిత రావచ్చునని. అత్త అడిగిపిచ్చింది: "ఎండుచాపలు వండుకోనిస్తరా?" జవాబు రాలేదు. కవిత హాస్టల్లనే ఉండి డిగ్రీ పూర్తి చేసింది.

మానుకోట ముచ్చట మాకన్న ముందే తండాకు చేరింది. పూల్‌సింగ్ మా ఇంటికొచ్చి, చాయ తాగి, "గా మాటలు మల్లొకసారి చెప్పు వదినె," అన్నడు.

"నీకు చెప్పేది వేరే ఉన్నది," అన్నది అత్త. "వచ్చే సీత్ల పండుగకు మా ఇంటి వంతు బలికి యాట రాదు. సేవాలాల్‌కు తీపి భోగే గదా పెడ్తం. మేరామ తల్లికి కూడ మా ఇంటి నుంచి గదే వస్తది. తల్లి కోపానికొస్తె నా మీదికే వస్తది."

"తండా ఒప్పుకోదు వదినె."

"తండాను నేనడగలే. నీకు ఎర్క జేస్తున్న."

ఆ పండుగకు కొట్లాట అయింది. ఆ మర్సటి పండుగకు కొంచెం తక్కువైంది. మూడో ఏడు ఆమె బెల్లం పరమాన్నం గిన్నె వట్టుకొని పోతుంటె ఎవలూ అడ్డం రాలే. తినుడు మాత్రం తండాల ఎవలూ మానలే. అత్త కూడ మానుమని ఎవలినీ అడగలే.

రెండువేల పద్నాలుగు ఫిబ్రవరిల ఢిల్లీల తెలంగాణ బిల్లు పాసైంది. మర్సటి దినం మధ్యాన్నం తండా నడుమ పెద్ద దావత్. పూల్‌సింగ్ ఎక్కడనుంచో యాటలు తెప్పిచ్చిండు. మా దొడ్డి దిక్కు కన్నెత్తి చూడలే. నెత్తురుతోని చేసే సళోయి ఒక గిన్నెల, బొక్కల కూర ఒక గిన్నెల. దూరంగ, ఏపచెట్టు కింద, చుట్టూ రాళ్లు పేర్చి ఒక కొత్త కుండ. అండ్ల పప్పు, పక్కన రొట్టెలు, కొత్త గరిటె. పూల్‌సింగ్ తనే కాపలా కూసున్నడు, నీసు గరిటె అండ్ల ఎవలూ పెట్టకుండ.

అత్త వచ్చి చూసింది. "గిదేంది?"

"నీకే వదినె. వాసన కూడ తగలొద్దని జర దూరంగ పెట్టిచ్చిన."

"వాసనకు నేను సస్తనా? అందరూ ఒకకాడ, నేనొక్కదాన్నే చెట్టు కిందనా? తే, నడుమకు తే."

పూల్‌సింగ్ కుండ ఎత్తుకొచ్చి మటన్ గిన్నెల నడుమ పెట్టిండు. అత్త బంతిల మామకు, పూల్‌సింగ్‌కు నడుమ కూసున్నది. ఇటొకల ఇస్తారిల సళోయి, అటొకల ఇస్తారిల బొక్కల కూర. ఆమె ఇస్తారిల రొట్టె, పప్పు. డప్పులు మోగుతున్నయి, గోపాల్ దుమ్ము లేసేటట్టు ఎగురుతున్నడు. అత్త ఒక ముద్ద తిని నా దిక్కు తిరిగింది.

"ఉప్పు తక్కువైంది. జర తే పో."